రెండు మూరలు ఎక్కువ

కడుపు ఆపరేషన్‌కు ముందు బెంగళూరులో డాక్టరమ్మ నన్ను అడిగింది, ఇది ఎందుకు చేయించుకోవాలనుకుంటున్నారని. షుగరు, మోకాళ్ల నొప్పులు, నాలుగు మెట్లెక్కితే ఆయాసం అని చెప్పాను. ఆమె తలూపుతూ కంప్యూటర్లో కొట్టుకుంది. అవన్నీ నిజమే, కానీ వాటికోసమైతే నేను అంత దూరం పోయేదాన్ని కాదు. మా వదిన నోరు మూయించడానికి పోయాను. ఆ మాట డాక్టరుకు చెప్తే మానసిక వైద్యుడి దగ్గరికి పంపుతుందేమోనని మింగేశాను.

వదిన అంటే మా ఆయన అక్క. ఆమెను ముదిగుబ్బకు ఇచ్చారు, వాళ్లది పట్టుచీరల వ్యాపారం. మాది ధర్మవరం. ఇంట్లో గుంత మగ్గాలు రెండున్నాయి. మా ఆయన నేస్తాడు, నేను పట్టు చుడతాను, కండెలు పోస్తాను, పడుగు సిద్ధం చేస్తాను. పెళ్లయిన కొత్తలో నేనూ ఆయన పక్కన గుంతలో కాళ్లు దించి కూర్చుని అంచు పోగు ఆడించే నాడె వేసేదాన్ని. పెద్ద అంచు చీరకు ఇద్దరు కావాలి. ఆయన అటు నుంచి విసిరితే నేను ఇటు అందుకునేదాన్ని, మాటలు కూడా అట్లాగే సాగేవి. రెండో కాన్పు తర్వాత ఒళ్లు పెరగడం మొదలైంది. నేను తినలేదని అబద్ధం చెప్పను. సంగటి, చెనక్కాయల ఊరిబిండి పచ్చడి, రోజంతా రాట్నం ముందు కూర్చునే పని. కొన్నేళ్లకు కూర్చునే పలకకూ మగ్గానికీ మధ్య నా కడుపు పట్టలేదు. కూలికి ఒక మనిషిని పెట్టుకున్నాం. నేను రాట్నం దగ్గరే ఉండిపోయాను.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఒక పడుగులో మూడు చీరలు వస్తాయి. ఏ చీర ఎక్కడ ముగియాలో కొలిచి, పడుగు పక్కపోగుకు ఎర్రదారంతో ముడి వేస్తాం. ఆ ముడి వేసే పని మొదటి నుంచీ నాది. నేయడం మొదలుపెట్టాక మా ఆయన టేపు పట్టడు. నేసుకుంటూ పోతాడు, ఎర్రముడి చేతికి వచ్చిందంటే ఆ చీర అయిపోయినట్టు.

లావైన ఆడదానికి చీర సంగతి ఎట్లా ఉంటుందో సన్నటివాళ్లకు తెలియదు. చీర అందరికీ ఒకటే పొడవు. నా నడుము చుట్టూ తిరిగొచ్చేసరికే సగం అయిపోయేది. కుచ్చిళ్లకు మిగిలేది రెండు మడతలు. నడిస్తే కాళ్ల మధ్య బట్ట పట్టేసేది, కొంగు నడుము దాకా కూడా వచ్చేది కాదు. పెళ్లిళ్లకు పోయి గోడకు ఆనుకుని నిలబడి వచ్చేదాన్ని. నేనెప్పుడూ ఆయనతో అనలేదు. ఒకరోజు నేను ముడి వేస్తుంటే ఆయనే వచ్చి వెనక నిలబడ్డాడు.

"ఈ చీరకు ముడి రెండు మూరలు అవతల కట్టు," అన్నాడు.

"ఎందుకు? షావుకారు ఎక్కువ అడిగినాడా?"

"షావుకారుకు కాదు. నీకు."

అంతే అన్నాడు, బీడీ కోసం బయటికి పోయాడు. ఆ చీర కట్టుకున్న రోజు నాకు ఏడు కుచ్చిళ్లు వచ్చాయి. అద్దం ముందు నిలబడి ఏడ్చాను. నా మొగుడు నాకు ఇచ్చిన వాటిలో తాళి తర్వాత నేను దాచుకున్నది ఆ రెండు మూరలే. అప్పటి నుంచి నాకోసం నేసే ప్రతి చీరకూ ముడి అవతలే కట్టేదాన్ని. ఈ సంగతి మా ఇద్దరికే తెలుసు.

వదిన కనిపెట్టింది. వ్యాపారం ఇంటి మనిషి, చీర కనబడితే మోచేతి నుంచి వేలి కొస దాకా పట్టి కొలవకుండా ఉండలేదు. అది ఆమెకు చేతి దురద. మా ఇంటికి వచ్చినప్పుడు దండెం మీద ఆరేసిన నా చీరను మాటల్లోనే కొలిచేసింది. అప్పుడేమీ అనలేదు. బెళుగుప్పలో బంధువుల ఇంట సీమంతం జరిగినప్పుడు, ఆడవాళ్లందరూ తాంబూలాలు తీసుకుంటుండగా అన్నది.

"మేయ్, నా మరదలికి చీర పెట్టాలనుకుంటే అంగట్లో కొనేరు, చాలదు. ఆమె చీరలే వేరే. రెండు మూరలు ఎక్కువ. మా తమ్ముడు నేసి నేసి నడుము ఇరగ్గొట్టుకుంటాండాడు."

నవ్వులు వాకిలి దాటి మగవాళ్ల దాకా పోయాయి. మా ఆయన అక్కడే ఉన్నాడు, తలెత్తలేదు. ఆ రోజు నుంచి నన్ను చుట్టాల్లో 'రెండుమూరలామె' అనేవాళ్లు. నేను వినబడనట్టు తిరిగాను. లావైనవాళ్లకు చెవులు ఉండవని అందరూ అనుకుంటారు. కానీ నేను ప్రతి ఒక్కటీ విన్నాను, ఎవరు ఎంత గట్టిగా నవ్వారో కూడా నాకు గుర్తుంది. ఒక్కటే అనుకున్నాను, ఈ మాట ఆమె నోటితో ఆమే మింగాలి. అందరి ముందూ మింగాలి.

ఆపరేషన్‌లో కడుపు సంచిని చాలావరకు కోసి తీసేశారు. మిగిలింది అరటికాయంత అన్నారు. ముందు నీళ్లు, తర్వాత మజ్జిగ తేట, తర్వాత మెత్తగా రుబ్బిన పప్పు. చిన్న పిల్లల గిన్నెలో, చిన్న చెంచాతో. ఒక చెంచా ఎక్కువైతే వాంతి. మొదటిసారి సంగటి నోట్లో పెట్టుకున్న రోజు గోళీకాయంత మింగి, గుండెల్లో పట్టేసి, గోడ పట్టుకుని నిలబడిపోయాను. జుట్టు గుప్పెళ్లతో ఊడింది. మా ఆయన పక్కన కూర్చుని తినలేక, నా ముందు తినడానికి సిగ్గుపడి, మగ్గం గుంతలోకి కంచం తీసుకుపోయి తినేవాడు.

కానీ తగ్గాను. నెల నెలా తగ్గాను. షుగరు మాత్రలు పోయాయి. బస్సులో ఒక్క సీటులో సరిపోయాను, పక్కన కూర్చున్న ఆవిడ నావైపు చూసి జరగలేదు. మెట్లు ఎక్కాను. మా వీధిలో మాత్రం ఎవరికీ సంతోషం లేదు. ఈ కరువు సీమలో మనిషి సన్నబడితే రోగమో, ఇల్లు చితికిందో అనుకుంటారు తప్ప మంచి జరిగిందనుకోరు. ఎదురింటి ముసలామె ఒకరోజు చేతిలో ఒబ్బట్టు పెట్టి, "కరువు పనులకు మట్టి మోసేటప్పుడు కూడా ఇట్ల ఎవురూ ఎండిపోలేదు మే. ఏం రోగమో చెప్పు, నేనెవురికీ చెప్పను," అంది. ఆపరేషనని చెప్పాను. అంతకంటే ఘోరమైన మాట వినలేదన్నట్టు చూసింది.

సన్నబడడం అంటే అందరూ అనుకునేదొకటి, జరిగేది ఇంకొకటి. కొవ్వు పోతుంది, తోలు పోదు. నా కడుపు మీది తోలు కిందికి జారి తొడల మీదికి వచ్చింది. రెండు చేతులతో ఎత్తి పట్టుకుంటే తప్ప స్నానం కుదరదు. చేతులెత్తి కొప్పు ముడుచుకుంటే జబ్బల కింద తోలు ఊగేది. మా ఎండలు మీకు తెలుసు కదా. మార్చి నుంచే మొదలు. ఆ మడత కింద చెమట ఆరదు. ఎర్రగా దద్దుర్లు, దురద, తర్వాత పుండు, తర్వాత వాసన. తెల్లారి లేచి తుడుచుకుని, పౌడరు చల్లుకుని, పాత పంచె ముక్క మడత కింద పెట్టుకుని పనికి కూర్చునేదాన్ని. మధ్యాహ్నానికి ఆ గుడ్డ పిండితే కారేది. ఇంత చేసి మగ్గం గుంతలో మళ్లీ కూర్చుందామని కాళ్లు దించితే, తోలు పలక అంచుకు నలిగి కేక పెట్టాను. లావుగా ఉన్నప్పుడు పట్టలేదు, సన్నబడ్డాక కూడా పట్టలేదు. ఆ రోజు వచ్చిన కోపానికి రాట్నం తన్నాను. దానికి పుల్ల విరిగింది, నాకు కాలివేలు వాచింది.

గోరంట్లలో ఒక పెళ్లికి పోయాం. నేను సన్నబడ్డాక బంధువుల ముందుకు రావడం అదే మొదలు. పట్టుచీరలో బాగున్నాననే అనుకున్నాను. తోలునంతా లోపలికి మడిచి, బిగువు లంగా లోకి దోపి, మోచేతుల దాకా జాకెట్ కుట్టించుకుని పోయాను. వదిన నన్ను చూసి ఒక్క క్షణం మాట రాక నిలబడింది. అబ్బా, ఆ క్షణం కోసం నేను ఎన్ని చెంచాలు వాంతి చేసుకున్నానో. కానీ నలుగు నీళ్లు పడి చీర తడిసింది, మార్చుకోవాల్సి వచ్చింది. పెళ్లిళ్లలో ఆడవాళ్లందరికీ ఒకటే గది. గోడవైపు తిరిగి లంగా ముడి విప్పి సర్దుకుంటున్నాను. వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి నా కడుపు తోలును పట్టుకుని లాగింది.

"ఓయమ్మ! ఇట్ల రాండే, చూడండి. చెనక్కాయలు ఒంపేసిన గోనెసంచి మాదిరి ఉండాది," అంది వదిన.

గదిలో అందరూ తిరిగారు. ఆమె వెంటనే వదల్లేదు. పట్టుకునే నిలబడింది, గుడ్డ రకం చూసినట్టు వేళ్ల మధ్య నలిపింది. "రెండు మూరలు యాడికీ పోలేదు మే, ఈడనే యాలాడతాండాయి," అంది. మళ్లీ నవ్వులు. నేను తడిచీరే మళ్లీ చుట్టుకుని బయటికి వచ్చేశాను. భోజనానికి కూర్చోలేదు. మామూలుగా కూడా నేను తినేది రెండు ముద్దలే కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు.

ఆ చెయ్యి నా ఒంటి మీద చాలా రోజులు ఉండిపోయింది. స్నానం చేసేటప్పుడు అక్కడ తగిలితే పళ్లు నూరుకునేదాన్ని. తోలు కోసి తీసేసే ఆపరేషన్ ఉంటుందని డాక్టరమ్మ ముందే చెప్పింది, బరువు ఒకచోట నిలబడ్డాక చేద్దామంది. నేను ఇక ఆగలేనన్నాను. ఇన్సూరెన్సు వాళ్లు అది అందం కోసం చేసుకునేదని కొట్టేశారు. మడత కింద పుండు ఫోటోలు తీసి పంపాను, ఇది ఏ అందమో చెప్పండని అడిగాను. జవాబు రాలేదు. గాజులు అమ్మాను. మా ఆయన వద్దన్నాడు.

"చాలు మే. ఒకసారి కోయించుకుంటివి. నాకు నువ్వెట్లున్నా ఒకటే."

"నీకోసం కాదు," అన్నాను. ఆయన ముఖం చిన్నబోయింది. అయినా అది నిజం.

సంగతి ముదిగుబ్బ చేరింది. వదిన ఫోన్ చేసి తమ్ముడితోనే అంది, నాకు వినబడాలని స్పీకర్ పెట్టించుకుని మరీ అంది. "తోలు కోయించుకుంటాందంటనే! సోకు చూడు సోకు. సినిమాల్లో ఏషాలేస్తాదా?" ఆ ఫోన్‌లోనే ఇంకో మాట కూడా చెప్పింది. కొడుకుకు పెళ్లి కుదిరిందని, పుట్టింటి చీర మంచిది నేయమని.

పుట్టింటి చీర అంటే మాలో ఒక కట్టుబాటు. కొడుకు పెళ్లికి పీట మీద కూర్చునే తల్లి, అన్నదమ్ములు తెచ్చిన చీరే కట్టుకోవాలి. ఇంటి దగ్గర కట్టుకుని రాకూడదు. మంటపంలో తాంబూలంలో పెట్టి ఇస్తే, అక్కడే తీసుకుపోయి కట్టుకుని వచ్చి కూర్చోవాలి. ముందు చూసుకోవడం, కొలుచుకోవడం ఉండదు. బాగలేదని ఇంకొకటి కట్టుకుంటే పుట్టింటిని అవమానించినట్టు. ఆ ఫోన్ పెట్టేసేసరికి నా ఆలోచన తయారైంది. ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్ల నవ్వులే నేర్పాయి.

మా ఆయన మంచి పడుగు ఎక్కించాడు. వంగపండు రంగు ఒళ్లు, పచ్చ అంచు. మొదటి చీర షావుకారుకు, రెండోది వదినకు, మూడోది నాకు. ఆయన అన్నం తినడానికి పోయినప్పుడు ముడులు వేశాను. మొదటి చీరకు సరిగ్గా వేశాను. వదిన చీర ముడిని రెండు మూరలు ఇవతలికి జరిపి కట్టాను. దారం బిగించి, మిగిలిన కొస పళ్లతో కొరికి ఉమ్మేశాను. మంటపం పక్కన ఆడవాళ్ల గదిలో అందరి ముందు చీర చుట్టుకుని, కుచ్చిళ్లు రాక, తాంబూలం చీర విప్పలేక, ఆ గదిలో ఆమె ఎట్లా గిలగిలలాడుతుందో తలుచుకున్నాను. ఆ రాత్రి చాలా రోజుల తర్వాత హాయిగా నిద్రపట్టింది. మర్నాడు బెంగళూరు బస్సెక్కాను.

ఆపరేషన్ ముందు డాక్టరమ్మ నన్ను నిలబెట్టి, నల్ల పెన్నుతో నా ఒంటి మీద గీతలు గీసింది. తోలును పిడికిట పట్టి, లాగి, ఎంత వస్తుందో చూసి గీసింది. గోరంట్ల పెళ్లి గదిలో నా తోలును పట్టుకున్న చెయ్యి గుర్తొచ్చింది. ఇది కూడా పట్టుకోవడమే, కానీ ఈమె ప్రతిసారీ ముందు చెప్పి పట్టుకుంటోంది. "ఇంకొంచెం కిందికి గీయండి," అన్నాను. ఆమె నవ్వి, "ఎక్కువ కోస్తే మీరు నిటారుగా నిలబడలేరమ్మా," అంది. చేతులకు తర్వాత ఇంకోసారి చేద్దామంది. ఆ ఇంకోసారి ఇప్పటికీ రాలేదు, నేను ఇవాళ్టికీ మోచేతుల దాకా జాకెట్లే కుట్టించుకుంటాను.

లేచేసరికి ఈ తుంటి నుంచి ఆ తుంటి దాకా కుట్లు, రెండు పక్కలా నెత్తురునీళ్లు పోవడానికి గొట్టాలు. వంగే నడవాలి, మంచం మీద మోకాళ్లు ముడుచుకునే పడుకోవాలి. దగ్గితే కుట్లు ఊడిపోతాయేమోనని దిండు అదిమి పట్టుకుని దగ్గేదాన్ని. బొడ్డు చుట్టూ స్పర్శ పోయింది, ఇంకా రాలేదు. కోసి తీసేసింది చూపించమని అడిగాను. డాక్టరమ్మ ఫోటో చూపించింది, ట్రేలో పరిచి ఉంది. పసుప్పచ్చగా, మడతలు పడి, నాదంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ ఫోటో నా ఫోన్‌కు పంపించుకున్నాను. వదినకు పంపి, 'పట్టుకుంటావా?' అని రాద్దామనుకున్నాను. ముదిగుబ్బ పెళ్లి గుర్తొచ్చి ఊరుకున్నాను. అంతకంటే మంచిది అక్కడ ఆమెకోసం తయారవుతోంది.

ఇంటికి వచ్చేసరికి మూడు చీరలూ కోసి, మడతపెట్టి, పాలిథిన్ కవర్లలో ఉన్నాయి. మా ఆయన ఏమీ అనలేదు. నేనూ విప్పి చూడలేదు. చూస్తే నా ముఖంలో ఏదైనా కనబడుతుందేమోనని భయం. నడుముకు బెల్టు కట్టుకుని, నెమ్మదిగా నిటారుగా నిలబడడం నేర్చుకున్నాను. పుండ్లు మాని, ఆ మడత ఉన్నచోట చల్లగా, పొడిగా ఉండడం ఎంత సుఖమో చెప్తే నవ్వుతారు. ఒక మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు మగ్గం గుంతలో కాళ్లు దించి కూర్చున్నాను. పలకకూ మగ్గానికీ మధ్య నా అరచెయ్యి దూరేంత చోటు మిగిలింది. నాడె చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు కూడా నాకు వదినే గుర్తొచ్చింది. సంతోషం వచ్చినా ఆమె ముఖం చూడనిదే నాకు నిండదనిపించింది.

పెళ్లిరోజు మంటపంలో తాంబూలంలో చీర పెట్టి ఇచ్చాం. నేను నా చీర కట్టుకుని, పదకొండు కుచ్చిళ్లు పెట్టుకుని, కొంగు మోకాళ్ల దాకా వదిలి నిలబడ్డాను. వదిన నన్ను పైనుంచి కిందికి చూసింది. చాలాకాలం తర్వాత ఆమెను దగ్గరగా చూస్తున్నాను. నేను నా ఒంటిలోనే మునిగి ఉండి గమనించలేదు, ఆమె బాగా లావైంది. తాంబూలం పళ్లెం పట్టుకుని ఆడవాళ్ల గదిలోకి పోయింది. వెనకే నేనూ పోయాను. ఆ గదిలో నేను ఉండకపోతే ఎట్లా?

ఒకసారి చుట్టుకుంది. విప్పింది. లంగా ముడి కిందికి దించి మళ్లీ చుట్టుకుంది. కుచ్చిళ్లకు రెండు మడతలు మిగిలాయి. ముఖం ఎర్రబడింది. బయట పురోహితుడు తల్లిదండ్రులు రావాలని పిలుస్తున్నాడు.

"చీర పొట్టిగా నేసినారు!" అని అరిచింది. "పుట్టింటి చీర పొట్టిగా నేసి ఇస్తారా ఎవరన్నా? నా తమ్ముడు చేసినాడా ఈ పని, లేకుంటే..." అని నావైపు చూసింది.

గది అంతా నావైపు తిరిగింది. ఇది నేను ఆలోచించుకోలేదు. గిలగిలలాడుతుందనుకున్నాను కానీ కొలుస్తుందనుకోలేదు. ఆమె అంత వ్యాపారం ఇంటి మనిషి, ఆ చేతి దురద సంగతి నాకు తెలిసి కూడా మరిచిపోయాను. ఆమె చీర ఒంటి మీంచి లాగేసి, లంగా జాకెట్‌తోనే నిలబడి, "అందరూ చూడండి," అని కొలవడం మొదలుపెట్టింది. మోచేతి నుంచి వేలి కొస, మోచేతి నుంచి వేలి కొస. పెదాలు కదుపుతూ లెక్కపెడుతోంది. నాకు కుట్లు ఉన్నచోట మంటపుట్టింది. రెండు మూరలు తక్కువ రావడం ఖాయం. మగ్గం ఇంట్లో ముడి వేసేది నేనని ఆ గదిలో సగం మందికి తెలుసు. ఇన్నేళ్లు నేను పడిన అవమానం మొత్తం నా చేతులతోనే నేను మళ్లీ కొని తెచ్చుకున్నాను అనుకున్నాను.

ఆమె కొలిచి ఆగింది. మళ్లీ మొదటి నుంచి కొలిచింది. జాకెట్ గుడ్డ వేరేగా కొలిచింది. అప్పుడు ఆమె పెదాలు ఆగిపోయాయి.

మా అత్తకు అక్క, పెద్దామె, గోడకు ఆనుకుని కూర్చుని అంతా చూస్తోంది. "ఎంతొచ్చెనే?" అని అడిగింది. వదిన చీర పోగుచేసుకుంటోంది. "ఎంతొచ్చె చెప్పవే, అందరినీ పిలిస్తివి కదా."

"సరిగ్గానే ఉండాది," అంది వదిన. అంత మెల్లగా ఆమె మాట్లాడడం నేను అదే వినడం.

నాకూ అర్థం కాలేదు. కానీ అర్థం కావడానికి ఆగలేదు. నా గొంతు నాకే తెలియనంత తియ్యగా వచ్చింది.

"తప్పు మాదే వదినా. మాకు తెలీకపాయ. తెలిసింటే నీకు రెండు మూరలు ఎక్కువ నేయించి ఉందుము."

ముందు పెద్దామె నవ్వింది. తర్వాత అందరూ నవ్వారు. గోరంట్లలో ఎవరెవరు నవ్వారో వాళ్లే. ఆ నవ్వు ఎంత రుచిగా ఉందో నేను చెప్పలేను. ఆపరేషన్ తర్వాత నేను కడుపునిండా తిన్నది అదొక్కటే. వదిన లంగా ముడి పట్టుకుని నిలబడి ఉంది. ఆ ముడి కింద, కడుపు మడత దగ్గర, ఎర్రగా దద్దుర్లు కనబడ్డాయి. నాకు ఆ ఎరుపు బాగా తెలుసు. అది ఎంత మండుతుందో, ఏ పౌడరు చల్లితే తగ్గుతుందో తెలుసు. ఆ డబ్బా అప్పుడు నా సంచిలోనే ఉంది. ఇవ్వలేదు.

రెండు కుచ్చిళ్లతో, పిన్నీసులతో, ఎవరో కొంగు సర్దగా ఆమె పీట మీద కూర్చుంది. నేను సరిగ్గా ఆమె వెనక నిలబడ్డాను. ఫోటోలన్నిట్లో ఆమె భుజం పైన నా కుచ్చిళ్లు కనబడతాయి. అట్లా కనబడేట్టే నిలబడ్డాను.

తిరుగు బస్సులో మా ఆయన కిటికీ వైపు చూస్తూ అన్నాడు, "ముడి చూసినా."

నేను ఒళ్లో సంచి సర్దుకున్నాను.

"బుటాలు ఇంకా రెండు మూరలు రావాల్సి ఉండంగానే ముడి వచ్చె. నీ ముడి ఎప్పుడూ తప్పు రాదు. ఇప్పి సరిగ్గా కట్టినా."

"నన్ను అడగలేదే?"

"ఆపరేషన్ మంచం మీద ఉంటివి. ఏమడిగేది?" అని, మళ్లీ "అంత కసి ఉండాదని నాకు తెలీదు. నేను ఆ పొద్దు బెళుగుప్పలో ఒక్క మాట అనింటే సరిపోయేది," అన్నాడు. అవును, సరిపోయేది. అట్లాగే చెప్పాను.

నెల తిరక్కుండా కొత్త పడుగు ఎక్కించాడు. నేను కొలిచి ముడులు వేస్తుంటే, అప్పట్లాగే వచ్చి వెనక నిలబడ్డాడు.

"నడిమి చీర అక్కకు. పెండ్లిలో అందరి ముందర నగుబాటైనాది పాపం. ముడి రెండు మూరలు అవతల కట్టు."

నా చెయ్యి ఆగింది. ఒళ్లంతా మంట లేచింది. నాకు ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది ఆ రెండు మూరలు. ఆమె వాటిని పట్టుకుని ఊరంతా నవ్వించింది, ఇప్పుడు వాటినే ఈయన ఆమెకు నేసి పంపుతాడంట. కట్టనని చెప్దామనుకున్నాను. ఆయన ముఖం చూశాను. మొదటిసారి నాకోసం ఆ మాట అన్నప్పుడు ఎట్లా ఉందో ఇప్పుడూ అట్లాగే ఉంది. బీడీ కోసం బయటికి పోయాడు, అప్పట్లాగే.

నేను కొలిచాను. రెండు మూరల దగ్గర ఆగలేదు. ఇంకో మూర ముందుకు పోయి, మూడు మూరల దగ్గర ఎర్రదారం బిగించి కట్టాను. ఈసారి ముడిని ఆయన విప్పలేదు. అడిగితే, "ఎందుకైనా మంచిదిలే, అక్కకు బాగా కుచ్చిళ్లొస్తాయి," అన్నాను. ఆయన సంతోషపడ్డాడు.

చీర నేనే ముదిగుబ్బకు పంపాను, కవర్లో పసుపు కుంకుమ పెట్టి. చేరిందని వదిన ఫోన్ చేయలేదు. చేయదని తెలుసు. చీర చేతికి రాగానే ఆమె కొలిచి ఉంటుంది. కొలవకుండా ఉండలేదు కదా.